సంఘం ఫ్రిజ్, సోలార్ బ్యాటరీ: ఎన్నేళ్ళు వస్తుంది, ఎందుకు పోతుంది?

బెల్లంపల్లి పరిసరాల సంఘాలకు వెళ్ళినప్పుడు కార్యదర్శులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "సోలార్ మీద ఫ్రిజ్ నడుపుతున్నాము. బ్యాటరీ ఐదేళ్ళు ఢోకా లేదని చెప్పి ఇచ్చారు. రెండేళ్ళకే చేతులెత్తేసింది. లోపం ఎక్కడున్నట్టు?"

ఈ ప్రశ్నకు జవాబు బ్యాటరీ పేరులో గాని, ధరలో గాని వెతికితే దొరకదు. రాత్రి దాని నుంచి ఎంత తోడుకున్నాము, మరునాటి సాయంత్రానికి అది పూర్తిగా నిండిందా లేదా అనే రెండు విషయాలలో ఉన్నది. ఈ రెండింటినీ కార్యదర్శి తన పుస్తకంలో రోజూ రాసుకోగలిగితే బ్యాటరీ ఆయుష్షు చాలావరకు సంఘం చేతిలోనే ఉంటుంది. ఎలాగో ఈ పాఠంలో లెక్కలతో సహా చూద్దాము.

ముందుగా, సంఘానికి చిన్న ఫ్రిజ్ ఎందుకు? పాలు చల్లబరచడానికి కాదు. దానికి బల్క్ మిల్క్ కూలర్ ఉన్నది. సంఘం ఫ్రిజ్‌లో ఉండేవి పశువుల టీకామందులు, పరీక్ష రసాయనాలు, అవసరాన్ని బట్టి పాల నమూనాలు. ఇవిగాక మన ప్రాంతంలో ఇంకొకటి కూడా చూస్తుంటాము. బాయి పని నుంచి రిటైరై రెండు బర్రెలు పెట్టుకున్న సభ్యుల ఇన్సులిన్ సీసాలు ఆ మూలన ఒక డబ్బాలో ఉంటాయి. అది నియమాలలో లేదు, కాని తప్పు పట్టాలని మాకు అనిపించలేదు.

గాలికుంటు టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. చెడిన టీకా చూపుకు మంచిదానిలాగే ఉంటుంది. పశువుకు సూది పడుతుంది, పుస్తకంలో పేరు ఎక్కుతుంది, రక్షణ మాత్రం రాదు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆరు నెలలకొకసారి ఈ టీకా వేస్తున్నారు. తొలకరికి ముందు గొంతువాపు టీకా ఉండనే ఉన్నది. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే సాయంత్రపు గాలిదుమారాలకు తీగలు తెగి రాత్రంతా కరెంటు పోవడం మన ఊళ్ళకు కొత్త కాదు. భూమిలో బొగ్గు ఉన్నది, జైపూర్‌లో సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్నది, అయినా దీపం కింద చీకటి తప్పడం లేదు. కనుకనే సోలార్ ఫ్రిజ్ అవసరమైంది.

బ్యాటరీని ఎలా చూసుకోవాలో నేర్చుకోవడానికి బెల్లంపల్లి వారు దూరం పోనక్కరలేదు. బొగ్గుబాయి ల్యాంప్ రూం గుర్తు చేసుకుంటే చాలు. నడుముకు కట్టుకునే ఆ పాతకాలపు బరువైన క్యాప్ ల్యాంపులో ఉన్నది సీసం, ఆమ్లం బ్యాటరీయే. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన దీపం ఇంటికి పోదు, నేరుగా చార్జింగ్ ర్యాకు మీదకు పోతుంది. పూర్తిగా నిండనిదే మరుసటి షిఫ్టువారి చేతికి రాదు. ఇప్పుడు ఎల్.ఇ.డి., లిథియం దీపాలు వచ్చి బరువు తగ్గింది గాని ఆ పద్ధతి మారలేదు. మన సంఘాలలో జరిగేది దీనికి తలకిందులు. దీపం నిండినా నిండకపోయినా మళ్ళీ రాత్రి షిఫ్టుకు పంపుతున్నాము.

లోపల జరిగేది ఏమిటి

సీసపు బ్యాటరీ నుంచి కరెంటు తీసినకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ అనే తెల్లని పదార్థం పేరుకుంటుంది. మళ్ళీ పూర్తిగా చార్జి చేస్తే అది కరిగిపోతుంది. సగం చార్జితో రోజుల తరబడి వదిలేస్తే గట్టిపడి స్ఫటికాలుగా మారుతుంది. పాలక్యానును అదే పూట కడిగితే నీళ్ళకే పోయేది, నాలుగు రోజులు వదిలేస్తే గారకట్టి పీచుకు కూడా లొంగదు కదా, ఇదీ అంతే. గారకట్టిన మేరకు పలక పనిచేయదు. వంద ఆంపియర్-గంటలని బయట రాసి ఉన్నా లోపల అరవైయే మిగులుతుంది. మనం తోడేది తగ్గదు కాబట్టి ఆ అరవై మీద భారం ఇంకా పెరుగుతుంది. అక్కడి నుంచి పతనం త్వరగా సాగుతుంది.

ఇక లోతు సంగతి. సోలార్ కోసం తయారైన మంచి ట్యూబులర్ బ్యాటరీని ప్రతి రాత్రి 80 శాతం దాకా తోడితే సుమారు 1,500 సార్లు, సగం దాకా తోడితే సుమారు 3,000 సార్లు, ఐదో వంతు మాత్రమే తోడితే 5,000 సార్ల దాకా పనిచేస్తుందని తయారీదారులు సాధారణంగా చెబుతారు. 1,500 రాత్రులంటే నాలుగేళ్ళు. అయితే ఇది 25, 27 డిగ్రీల చల్లని గదిలో చెప్పిన మాట. అంతకు మించి ప్రతి పది డిగ్రీల వేడికి సీసపు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, రేకుల షెడ్డులో ఏడాది పొడుగునా పడి ఉండే బ్యాటరీకి నాలుగేళ్ళు రెండేళ్ళు కావడంలో వింత లేదు. పైన అడిగిన కార్యదర్శి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నది.

ఒక రాత్రి లెక్క

ఒక సంఘంలో వంద లీటర్ల డి.సి. ఫ్రిజ్ ఉన్నదనుకుందాము. కంప్రెసర్ నడిచేటప్పుడు 60 వాట్లు తీసుకుంటుంది. గది 40 డిగ్రీలుంటే గంటలో 65 శాతం సేపు నడుస్తుంది, చల్లని కాలంలో 40 శాతం చాలు. సాయంత్రం 5 నుంచి ఉదయం 8 దాకా పదిహేను గంటలు ప్యానెల్ నుంచి చెప్పుకోదగినంత రాదు. కనుక మే నెలలో ఒక రాత్రికి ఫ్రిజ్ ఒక్కటే 585 వాట్-గంటలు తీసుకుంటుంది. చలికాలమైతే 360.

బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు. అంటే మొత్తం 1,200 వాట్-గంటలు. ఫ్రిజ్ ఒక్కటే అయితే సగం లోపలే సరిపోయింది. కాని సంఘంలో ఫ్రిజ్ ఒక్కటే ఉండదు. రెండు పూటలా పాల సేకరణకు టెస్టరు, తూకం, లైట్లు కలిపి 200 వాట్-గంటలు అనుకోండి. పాలు పోసేవారు ఉక్కకు ఓర్వలేరని ఒక ఫ్యాను, దానికి మూడు గంటలకు మరో 200. మొత్తం 985. అంటే ప్రతి రాత్రి 82 శాతం తోడేస్తున్నాము.

దీనికి తోడు, వాహనం ఆలస్యమైన సాయంత్రం పది లీటర్ల పాలు ఫ్రిజ్‌లో పెట్టడం కొన్ని చోట్ల అలవాటు. పది లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దింపడానికి సుమారు 250 వాట్-గంటలు కావాలి. బ్యాటరీలో ఐదో వంతు! పాలు చల్లబడవు, టీకా వేడెక్కుతుంది, బ్యాటరీ అడుగంటుతుంది. ఈ అలవాటు మానాలని గట్టిగా చెబుతున్నాము.

మామూలు ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టరు మీద నడిపే సంఘాలు మరొకటి గమనించాలి. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా ఇన్వర్టరు ఊరికే పది, పదిహేను వాట్లు తింటూ ఉంటుంది. పదిహేను వాట్ల చొప్పున పదిహేను గంటలకు 225 వాట్-గంటలు. ఎవరికీ పనికిరాని ఖర్చు ఇది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో నడక కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగడం వేరే. కొత్తగా కొనేవారు డి.సి. కంప్రెసర్ ఉన్నదే కొనడం మంచిది.

ఐసులో దాచుకున్న ఎండ

బ్యాటరీ భారం తగ్గించే దారులలో మాకు అన్నిటికన్నా నచ్చినది ఇది. ఎండను మొత్తం బ్యాటరీలో దాచనక్కరలేదు. కొంత ఐసులో దాచవచ్చు. పగలు ప్యానెల్ కరెంటుతోనే నీళ్ళు గడ్డకట్టిస్తే, రాత్రి ఆ గడ్డ కరుగుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది.

ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. అది సుమారు 93 వాట్-గంటలు. చిన్న కంప్రెసర్ ఒక వాట్-గంట కరెంటుతో 1.3 వాట్-గంటల వేడిని బయటకు తోడుతుందనుకుంటే, ఒక కిలో ఐసు దాదాపు 70 వాట్-గంటల బ్యాటరీకి సమానం. బ్యాటరీ ఏటా అరుగుతుంది. నీళ్ళు అరగవు.

అయితే దీన్ని కూడా అతిగా నమ్మరాదు. మే నెలలో కంప్రెసర్ పగలంతా ఇప్పటికే 65 శాతం నడుస్తున్నది. మిగిలిన తీరికలో తొమ్మిది గంటలకు అది గడ్డకట్టించగలిగేది రెండున్నర కిలోలు మాత్రమే. అంటే 175 వాట్-గంటల ఆదా. చలికాలంలో తీరిక ఎక్కువ కాబట్టి నాలుగున్నర కిలోల దాకా వస్తుంది, ఆ రాత్రి ఫ్రిజ్ అవసరం చాలావరకు తీరిపోతుంది. మొదటి రోజు 30 డిగ్రీల నీళ్ళు చల్లబడి గడ్డకట్టడానికి ఎక్కువ కరెంటు పడుతుంది. తరువాత అవే సీసాలు తిరుగుతాయి కనుక ఆ ఖర్చు ఉండదు.

చేయవలసింది కష్టమేమీ కాదు. లీటరు ప్లాస్టిక్ సీసాలను ముప్పాతిక నింపి, మూత బిగించి, పై అరలో అంటే ఫ్రీజర్‌లో పెట్టాలి. నిండా నింపితే పగులుతాయి. టీకాలు మధ్య అరలో, అట్టపెట్టెలో, థర్మామీటరు పక్కన ఉండాలి. టీకా సీసా ఐసుకు తగలకూడదు. రాత్రి కొన్ని గంటలు కంప్రెసర్‌ను ఆపే టైమరు పెట్టదలచినవారు ముందుగా టీకాలు లేని వారంలో ప్రయత్నించి, గంట గంటకు లోపలి వేడి రాసుకుని చూడాలి. 8 డిగ్రీలు దాటుతున్నదంటే టైమరు గంటలు తగ్గించాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టినది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పిల్లల టీకాలు ఉంచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు కరెంటు ఉంటే చాలు, మిగిలిన పదహారు గంటలు గోడల్లోని ఐసు కాపాడుతుంది. ప్రపంచంలో టీకాల కోసం సోలార్ ఫ్రిజ్‌లు 1980ల నుంచి బ్యాటరీలతో వాడారు. మారుమూల ఆరోగ్య కేంద్రాలలో ఫ్రిజ్ బాగున్నా బ్యాటరీ చనిపోవడం, కొత్తది కొనే డబ్బు లేకపోవడం పెద్ద సమస్య అయింది. 2010 ప్రాంతం నుంచి బ్యాటరీ లేకుండా ఎండతో నేరుగా నడిచి ఐసులో చల్లదనం దాచుకునే ఫ్రిజ్‌లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదంతో వచ్చాయి. మన పాడి రంగంలోనూ ఇదే ఆలోచనతో పుణేకు చెందిన ప్రొమీథియన్ సంస్థ చల్లదనాన్ని నిలవ చేసుకునే పాల చిల్లర్లను తయారు చేసింది. పెద్ద ఎత్తున అయినా, రెండు సీసాలతో అయినా సూత్రం ఒకటే.

ఇప్పుడు మన లెక్క మళ్ళీ చూడండి. ఫ్యానును బ్యాటరీ మీద నుంచి తీసేశాము. రెండున్నర కిలోల ఐసు పెట్టుకున్నాము. 985 నుంచి 610కి దిగింది. 82 శాతం ఉన్నది 51 అయింది. బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు 100 బదులు 150 ఆంపియర్-గంటలది తీసుకుంటే అది 34 శాతం. మధ్యలో ఫ్రిజ్‌ను పడమటి గోడకు దూరంగా, వెనుక జానెడు గాలి ఆడేటట్లు జరిపితే ఇంకొంత కలిసివస్తుంది.

మే కన్నా శ్రావణం ప్రమాదం

ఎండాకాలంలో బ్యాటరీ అలసిపోతుంది గాని సాయంత్రానికి నిండుతుంది. అసలు గార పట్టేది వానాకాలంలో. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే సగం చార్జితోనే రోజులు గడుస్తాయి. కార్యదర్శి మాత్రం ఫ్రిజ్ నడుస్తున్నది కదా అని నిశ్చింతగా ఉంటారు. జూలై, ఆగస్టు నెలల్లో వారానికొకసారైనా కరెంటు చార్జరు పెట్టి బ్యాటరీని పూర్తిగా నింపి తీరాలి. వీలున్న రోజుల్లో ఫ్రిజ్‌ను కరెంటు మీదకు మార్చడం ఇంకా మేలు. సోలార్ పెట్టుకున్నాక కరెంటు వాడితే నామోషీ ఏమీ లేదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు బొగ్గుధూళి. గోలేటి వైపు గాని, లారీలు తిరిగే ఏ దారిలో గాని ఉన్న సంఘం కప్పు మీద వేలు రాసి చూస్తే తెలుస్తుంది. ఆ నల్లని పొర పట్టిన ప్యానెల్ నిండు ఎండలోనూ బ్యాటరీని నింపలేదు. తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు, మెత్తని గుడ్డతో నీళ్ళు పోసి కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయరాదు. ధూళి దారిలో ఉన్నవారు వారానికి రెండుసార్లయినా కడగాలని మా అభిప్రాయం.

చార్జ్ కంట్రోలరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా కంట్రోలర్లు బ్యాటరీ 11 వోల్టుల దగ్గరకు దిగితే గాని సరఫరా ఆపవు. అప్పటికి బ్యాటరీ దాదాపు ఖాళీ. మార్చే వీలుంటే 11.8 దగ్గర పెట్టించండి. డి.సి. ఫ్రిజ్ కంప్రెసర్లలో కొన్ని సొంతంగా 10.4 వోల్టుల దగ్గర ఆగుతాయి. అది కంప్రెసర్‌ను కాపాడుతుందే గాని బ్యాటరీని కాదు. వేడి గదిలో చార్జింగ్ వోల్టేజి కూడా కొంచెం తగ్గాలి. 25 డిగ్రీల వద్ద 14.4 ఉంటే 40 డిగ్రీల వద్ద 0.3 వోల్టు తక్కువ చాలు. వేడిని గుర్తించే తీగ ఉన్న కంట్రోలరు ఈ పని తానే చేసుకుంటుంది.

బండిలో ఫ్రిజ్ పెట్టుకునేవారికి ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలను చూసి, పాలవ్యానులో చిన్న ఫ్రిజ్ పెట్టవచ్చా అని కొందరు అడుగుతున్నారు. పెట్టవచ్చు. కాని బండి స్టార్టు చేసే బ్యాటరీకి దాన్ని తగిలించకూడదు. దాని పలకలు పలచన. క్షణకాలం పెద్ద కరెంటు ఇవ్వడానికే అవి పుట్టాయి. పదే పదే అడుగుదాకా తోడితే కొద్ది నెలలు కూడా నిలవదు, తెల్లవారి బండి కదలదు. వేరే బ్యాటరీ ఉండాలి, ఇంజను నడిచేటప్పుడు అది కూడా నిండే ఏర్పాటు ఉండాలి. విదేశాలలో వ్యానునే ఇల్లుగా చేసుకుని తిరిగేవారిదీ ఇదే బాధ. బండిని నీడలో నిలిపితే ఫ్రిజ్ తక్కువ నడుస్తుంది గాని కప్పు మీద ప్యానెల్ పండదు. ఎండలో నిలిపితే ప్యానెల్ పండుతుంది గాని ఫ్రిజ్ ఆగదు.

లిథియం సంగతి అందరూ అడుగుతున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి గారకట్టే జబ్బు లేదు, సగం చార్జితో ఉన్నా నొచ్చుకోదు, 80 శాతం తోడినా వేల సార్లు వస్తుంది, నీళ్ళు పోసే పని లేదు. ధర ఎక్కువ. రేకుల షెడ్డు వేడి దానికీ హాని చేస్తుంది, 45 డిగ్రీలు దాటిన చోట దాన్ని చార్జి చేయడం మంచిది కాదు. కంట్రోలరును దానికి తగినట్లు మార్చకుండా తగిలించరాదు. పదేళ్ళు చూసుకునే ఉద్దేశం, ఒకేసారి పెట్టుబడి పెట్టే శక్తి ఉన్న సంఘానికి అదే మంచిదని మేము అనుకుంటాము. సీసపు బ్యాటరీ ఉన్నవారు ఉన్నదాన్ని బాగా వాడుకుని, అది తీరాక ఆలోచించవచ్చు.

పుస్తకంలో రెండు గీతలు

పాలకు లాక్టోమీటరు ఎటువంటిదో బ్యాటరీకి హైడ్రోమీటరు అటువంటిది. లాక్టోమీటరులో 28 అంటే 1.028 అని మీకు తెలుసు. ట్యూబులర్ బ్యాటరీ నిండుగా ఉంటే హైడ్రోమీటరు 1.240 దగ్గర చూపుతుంది. ఆరు గదులనూ నెలకొకసారి చూడాలి. ఒక గది మిగిలినవాటి కన్నా బాగా తక్కువ చూపితే జబ్బు అక్కడ మొదలైందన్నమాట. డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్ళు, తాగే నీళ్ళు పోయరాదు. బ్యాటరీ నిండాకనే పోయాలి. నిండేటప్పుడు మండే వాయువు వస్తుంది కాబట్టి గదికి గాలి ఆడాలి, ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించకూడదు.

రోజువారీ పనికి వోల్టు మీటరు చాలు. ఉదయం సేకరణకు ముందు, ఫ్రిజ్‌ను అరగంట ఆపి చూడాలి. 12.7 ఉంటే నిండు, 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు మాత్రమే మిగిలింది. పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో తేదీ పక్కన ఈ అంకె రాయండి. సాయంత్రం కంట్రోలరు 'నిండింది' అని చూపిందా లేదా అనేది దాని పక్కన ఒక గుర్తు. ఉదయపు అంకె వరుసగా మూడు రోజులు 12.2 కన్నా తగ్గినా, సాయంత్రపు గుర్తు మూడు రోజులు లేకపోయినా ఆగవద్దు. చార్జరు పెట్టండి, ప్యానెల్ చూడండి, ఎవరు ఫ్యాను తగిలించారో అడగండి.

చివరగా, ఫ్రిజ్ నిండా టీకా ఉన్న రాత్రి బ్యాటరీ సగం కన్నా కిందకు దిగితే ఏమి చేయాలి అని అడుగుతారు. ఆ రాత్రి బ్యాటరీని లెక్క చేయవద్దు, నడవనీయండి. బ్యాటరీ మళ్ళీ కొనుక్కోవచ్చు. కంట్రోలరు ఆపేసినట్లయితే టీకాలను ఐసు సీసాలతో పాటు థర్మోకోల్ పెట్టెలోకి మార్చి, మధ్యన అట్ట అడ్డం పెట్టి, మూత టేపుతో మూసి, థర్మామీటరు లోపలే ఉంచండి. తెల్లవారాక 8 డిగ్రీలు దాటి ఉంటే ఆ సంగతి దాచకుండా పశువైద్యునికి చెప్పండి, ఆయన చూసి చెప్పేదాకా ఒక్క పశువుకు కూడా ఆ మందు వేయించవద్దు. అదే రోజు సాయంత్రంలోగా బ్యాటరీని కరెంటు మీద పూర్తిగా నింపండి.